స్మూతెనింగ్ మానేశాక తలకి ఏది మేలు: కుంకుడుకాయా, షాంపూనా?

పార్లర్లో క్రీముతో జుట్టును నిటారుగా చేయించే స్మూతెనింగ్ మానేసి సొంత జుట్టు పెంచుకుంటున్న వాళ్లందరూ నన్ను అడిగేది ఒక్కటే. "కెమికల్ మానేశాం కదా అక్కా, ఇక షాంపూలు కూడా పక్కన పడేసి కుంకుడుకాయలకి వెళ్లిపోతే పోలా?" ఎంవీపీ కాలనీ రైతు బజార్లో అడిగారు, ఆఫీసులో అడిగారు, పెళ్లి భోజనాల బంతిలో కూడా అడిగారు. పైన ఉంగరాలు, కింద స్ట్రెయిట్‌గా వేలాడే కొసలు ఉన్న నా తల చూస్తే ఎవరికైనా అడగాలనే అనిపిస్తుంది మరి.

నా జవాబు: ఇప్పుడే వద్దు. కుంకుడుకాయ మీద నాకేం కోపం లేదు. కానీ ఈ దశలో ఉన్న జుట్టుకి కావాల్సిన ఒక గుణం దానిలో లేదు, మంచి కండిషనర్‌లో ఉంది.

మీరు చేయించుకున్నది కెరాటిన్ అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు. అది మామూలుగా కొన్ని నెలల్లో తలస్నానాలతో పాటే పోతుంది, పాత వంపులు మెల్లగా తిరిగొస్తాయి. స్మూతెనింగ్, రీబాండింగ్ అలా కాదు. అందులో వాడే అమోనియం థయోగ్లైకొలేట్ క్రీము వెంట్రుక లోపలి గంధకపు బంధాలను తెంచుతుంది, ఇస్త్రీ పెట్టి వెంట్రుకను నిటారుగా లాగుతారు, ఆ తర్వాత న్యూట్రలైజర్ ఆ ఆకారంలోనే బంధాలను మళ్లీ బిగిస్తుంది. క్రీము తగిలిన మేర వెంట్రుక ఇక ఎప్పటికీ అంతే. కొత్తది కుదురు నుంచి రావాల్సిందే. అది నెలకి సుమారు అర అంగుళం వస్తుంది. భుజాల దాకా సొంత జుట్టు కావాలంటే రెండేళ్ల మాట.

ఈ రెండేళ్లూ ఒకే వెంట్రుకలో రెండు రకాల జుట్టు ఉంటుంది. పైభాగం గట్టిగా, వంపులు తిరిగి ఉంటుంది. కిందిభాగం బలం తగ్గి, నీళ్లు తగిలితే ఎక్కువగా ఉబ్బుతుంది. రెండూ కలిసే చోటే అసలు సమస్య. పాత చీరకి కొత్త గుడ్డ అతికిస్తే కుట్టు దగ్గరే చిరిగినట్టు, దువ్వెన లాగినప్పుడు జుట్టు ఆ గీత దగ్గరే తెగుతుంది. పైగా తడి జుట్టు పొడి జుట్టు కంటే బలహీనం. అంటే తలంటుకున్న తర్వాత చిక్కు తీసే ఆ పది నిమిషాలే మీ జుట్టు మిగులుతుందా తెగుతుందా అన్నది తేలుస్తాయి.

అందుకే నేను ఏ సీసా చేతిలోకి తీసుకున్నా ఒకే పరీక్ష పెడతాను: దీన్ని వాడాక, తడి మీద, పళ్లు దూరంగా ఉన్న దువ్వెన ఆ గీత దాటి కిందికి జారుతుందా, లేక అక్కడ ఆగుతుందా? సువాసన, నురగ, మూలికలు, అట్ట మీద పచ్చటి ఆకు బొమ్మ, ఇవన్నీ తర్వాత.

ఇప్పుడు కుంకుడుకాయ సంగతి. మన వైజాగ్‌లో ఇంత మంచి కుంకుడుకాయలు దొరకడం అదృష్టమే. ఏజెన్సీ నుంచి వచ్చే సరుకు పూర్ణా మార్కెట్లో దొరుకుతుంది, గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కుంకుడు పొడీ షీకాయ పొడీ ప్యాకెట్లలో దొరుకుతాయి. 1956లో మొదలైన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నదీ మన ఊళ్లోనే. కాయలోని నురగనిచ్చే సాపోనిన్లు మురికిని, నూనెని బాగా వదిలిస్తాయి. రసం కొద్దిగా ఆమ్ల గుణం ఉన్నది, కాబట్టి ఒంటి సబ్బులా జుట్టు పొరల్ని పైకి లేపదు. బోరు నీళ్లలో సబ్బుకి పట్టే తెట్టు దీనికి పట్టదు. ఇన్ని మంచి గుణాలు ఉన్నాయి.

లేనిది జారుడు. రసం పోసి కడిగాక జుట్టు పట్టుకుంటే కిచకిచలాడుతుంది. స్ట్రెయిట్ జుట్టు ఒక్కటే ఉన్నవాళ్లకి ఆ చప్పుడు శుభ్రానికి గుర్తు. రెండు రకాల జుట్టు ఉన్నవాళ్లకి మాత్రం అది చిక్కు పడబోతోందన్న హెచ్చరిక. పైన ఉంగరాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కింద కొసలు వాటిలో ఇరుక్కుంటాయి. పొడి వాడితే ఆ నలకలు కూడా ఉంగరాల్లో చిక్కుకుని, జుట్టు ఆరాక దువ్వినప్పుడు భుజాల మీద రాలతాయి. కళ్లు మండడం సరేసరి.

ఇక్కడ మా పిన్ని తప్పకుండా ఒక ప్రశ్న వేస్తుంది. "మరి మీ అమ్మమ్మ కుంకుడుకాయలతోనే కదే మోకాళ్ల దాకా పెంచింది?" నిజమే. కానీ అమ్మమ్మ జుట్టులో గీత లేదు, మొదటి నుంచి చివరి దాకా ఒకటే జుట్టు. ముందు రోజు సాయంత్రమే తల నిండా నూనె పట్టించేది, ఆ నూనెను దించాలంటే కుంకుడు అంత గట్టిగానే పని చేయాలి. ఇంకోటి, మనం మరిచిపోయేది: ఆ రసంలో మందారాకులు నలిపి కలిపేవారు, కొందరిళ్లలో గంజి పోసేవారు, మెంతులు నానబెట్టి రుబ్బి పట్టించేవారు. మందారాకు జిగురు, మెంతి జిగురు చేసేది అచ్చంగా కండిషనర్ చేసే పనే, జుట్టుకి జారుడు ఇవ్వడం. కుంకుడులో లేనిదేమిటో ఆవిడకి తెలుసు. అపార్ట్‌మెంట్‌లో, పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసు బస్సు పట్టుకోవాల్సిన మనం రసం ఉంచుకుని మందారం వదిలేశాం.

ఇంట్లో చెట్టుండి, ఆదివారం తీరిక ఉండి, ఆకులు నలిపి రసం బట్టలో వడకట్టే ఓపిక ఉంటే కుంకుడు కూడా పనికొస్తుంది. అప్పుడు కూడా రసం మాడుకే, కొసలకి వద్దు. కొసలు మందార జిగురుకి వదిలేయండి.

షీకాయ కుంకుడు కంటే మెత్తన, శుభ్రం చేసేది తక్కువ. జుట్టుని అంతగా ఎండబెట్టదు. కాని ఎక్కువమంది పొడి కొట్టినదే వాడతారు కాబట్టి నలకల గొడవ దీనికీ ఉంది. రెండింటిలో ఒకటి తప్పదంటే షీకాయకే నా ఓటు.

షాంపూ దగ్గరికొస్తే జనం ముందుగా చూసేది సల్ఫేట్, అంటే గట్టిగా కడిగే నురగ పదార్థం, ఉందా లేదా అని. సోడియం లారైల్ సల్ఫేట్ ఉన్నవి ఈ దశలో నేనైతే కొనను. సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే మెత్తన. కోకమిడోప్రొపైల్ బీటైన్, సోడియం కోకోయిల్ ఐసెథియొనేట్, డెసైల్ గ్లూకోసైడ్ లాంటి పేర్లు ముందు వరుసలో కనిపిస్తే అది మెత్తటి షాంపూ. ఒక చిక్కుంది. మనం తలకి నూనె పెట్టే జనం. ఈ మెత్తటి షాంపూలు చేతినిండా పెట్టిన నూనెను ఒక్క కడుగుడుకి వదిలించలేవు, మళ్లీ మళ్లీ రుద్దాలి, రుద్దినకొద్దీ చిక్కు. కాబట్టి షాంపూ మార్చితే నూనె మోతాదు కూడా తగ్గించాల్సిందే. రెండో షాంపూగా ఒక లారెత్ సల్ఫేట్ సీసా బాత్రూంలో ఉంచుకుని ఎప్పుడైనా ఒకసారి వాడటంలో నాకేమీ అభ్యంతరం లేదు.

నిజం చెప్పాలంటే షాంపూ ఏదన్నది రెండో సంగతి. డబ్బు పెట్టాల్సింది కండిషనర్ మీద. వెనక్కి తిప్పి చూడండి: బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రైమోనియం క్లోరైడ్ లాంటి పేర్లుంటాయి. వీటికి ధనావేశం ఉంటుంది. రసాయనాలతో దెబ్బతిన్న వెంట్రుకకు ఋణావేశం ఎక్కువ. కాబట్టి కండిషనర్ ఎక్కడ అవసరమో అక్కడికే, అంటే మీ పాత స్ట్రెయిట్ కొసలకే ఎక్కువగా వెళ్లి అతుక్కుంటుంది. వంటింటి వస్తువు ఏదీ ఇంత కచ్చితంగా ఈ పని చేయదు. సెటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అని కనిపిస్తే భయపడకండి, అవి జుట్టును ఎండబెట్టే స్పిరిట్ కాదు, మెత్తదనం ఇచ్చే కొవ్వు పదార్థాలు.

డైమెథికోన్, అంటే సిలికోన్, ఉంటే పారిపోవాలని వీడియోల్లో చెబుతారు. నేను పారిపోను. పూర్తి ఉంగరాల జుట్టు వచ్చేశాక దాన్ని మానేయాలా వద్దా అన్నది వేరే చర్చ. గీత ఉన్నంతకాలం మాత్రం జారుడు ఇచ్చేది ఏదైనా నాకు మిత్రుడే. పేరుకుపోతుందనిపిస్తే ఆ రెండో షాంపూ ఉండనే ఉంది.

కండిషనర్ కడగకముందే, జుట్టంతా పట్టించి ఉండగానే చిక్కు తీయండి. ముందు వేళ్లతో, తర్వాత దువ్వెనతో, కొసల నుంచి పైకి. గీత ఉన్న చోట ఇంకో చేత్తో జుట్టు పట్టుకుంటే లాగుడు దాని మీద పడదు. పొడి జుట్టు మీద చిక్కు దువ్వెన పెట్టి బలప్రయోగం చేసే అలవాటుంటే, సీసా ఎంత ఖరీదైనదైనా దండగే.

నీళ్ల సంగతి కూడా చూడాలి. మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల మున్సిపాలిటీ నీళ్లు కాసేపు, బోరు నీళ్లు మిగతాసేపు. సముద్రం దగ్గరి వీధుల్లో బోరైతే ఉప్పగా కూడా ఉండొచ్చు. కుళాయి చుట్టూ తెల్లగా పట్టే ఆ సున్నమే జుట్టుకీ పడుతుంది, రసాయనం తగిలిన కొసలకి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఆ సున్నాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే పదార్థం ఉన్న షాంపూ కొంత సాయం చేస్తుంది. చివరి రెండు చెంబులు మున్సిపాలిటీ నీళ్లు పోసుకోగలిగితే ఖర్చు లేకుండా పని జరుగుతుంది.

నూనెల్లో పోటీ కొబ్బరికీ ఆముదానికీ. ఇందులో నాకు సందేహమే లేదు. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి వెళ్తుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూస్తే జుట్టు నుంచి ప్రొటీన్ పోవడాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే, దెబ్బతిన్న జుట్టులో కూడా. ఆ పరిశోధన చేసింది పారాచూట్ అమ్మే మారికో వాళ్లే కదా అంటారేమో, అవును, వాళ్లే. అది మనసులో పెట్టుకునే చదవండి. తలంటుకు గంట ముందు గీత నుంచి కొసల దాకా పల్చగా రాస్తే చాలు.

ఆముదం జుట్టు వేగంగా పెంచుతుందని ప్రతి వీధిలోనూ ఒకరు చెబుతారు. పెరుగుదల కుదురు చేసే పని, పైన రాసిన జిడ్డు చేసేది కాదు. ఆముదం బాగా చిక్కన, జిగట. 2017లో మన దేశంలోనే ఒక అమ్మాయి జుట్టు ఆముదం వాడాక ఉండకట్టి విడదీయలేని స్థితికి వచ్చి, చివరికి కత్తిరించాల్సి వచ్చిందని వైద్య పత్రికలో నమోదైంది. అందరికీ అలా జరగదు. కానీ చిక్కే ప్రధాన శత్రువైన ఈ రెండేళ్లలో ఆ సాహసం ఎందుకు?

వీడియోల్లో చూసి షియా బటర్ డబ్బాలు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. స్ట్రెయిటెనింగ్ మానేసి సొంత జుట్టుకు మారడం గురించి ఇంత సమాచారం ఉందంటే దానికి కారణం అమెరికాలోని నల్లజాతి మహిళలు. వాళ్లు వాడి మానేసిన రిలాక్సర్లలో, అంటే జుట్టు నిటారు చేసే క్రీముల్లో, చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, అది మన పార్లర్ క్రీము కంటే భిన్నమైన, చాలా గాఢమైన క్షారం. జుట్టు వంపూ వేరు, చలికాలంలో గాలి పొడిగా ఉండే ఊళ్లూ వేరు. గీతను కాపాడుకోవడం గురించి వాళ్లు చెప్పేది అక్షరాలా మనకీ పనికొస్తుంది. చిక్కటి వెన్నలు మాత్రం మన చెమటకి జిడ్డోడుతూ మెడ మీద అంటుకుంటాయి.

మన వాతావరణం వల్లే గ్లిజరిన్ పేరు ముందు వరుసలో ఉన్న లీవ్-ఇన్‌లు, అంటే కడగకుండా జుట్టుకే వదిలేసే క్రీములు, ఇక్కడ నాకు నచ్చవు. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది, మన గాలిలో తేమకి కొదవా? బీచ్ రోడ్డులో పది నిమిషాలు నడిస్తే తల రెట్టింపవుతుంది. అవిసె గింజలు ఉడికించి వడకట్టిన జెల్ పల్చటి పొరలా పట్టి ఉంగరాలను నిలుపుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా వారంలోపు వాడేయాలి. ఓపిక లేకపోతే మార్కెట్లో జెల్ కొనుక్కోండి, పెద్ద తేడా లేదు. కలబంద, పెరుగు, గుడ్డు: అడగకండి, గుడ్డు వాసన గురించి అసలే అడగకండి.

ఇవేవీ వద్దనుకుంటే కత్తెర ఉంది. సింహాచలంలో తలనీలాలిచ్చి వచ్చిన మా వదిన ఈ లెక్కలన్నీ చూసి నవ్వుతుంది, తన తల మీద గీతే లేదు. అంత తెగువ లేనివాళ్లు మూడు నాలుగు నెలలకోసారి కొసలు తీయించుకుంటూ పోవచ్చు. తీయించుకునేటప్పుడు పార్లర్ అమ్మాయికి ముందే చెప్పండి: ఉంగరాల జుట్టు తడి మీద పొడవుగా కనిపించి, ఆరాక పైకి ముడుచుకుంటుంది. రెండంగుళాలు తీయాలనుకుంటే ఒక అంగుళమే అడగండి.