టైటానియం వైట్ కొనేవాళ్లు ముందు స్టిక్కర్ పీకి చూడండి

ఇంకా ఒళ్లు మండుతోంది, తప్పులుంటే సర్దుకోండి. ఏ షాపో చెప్పక్కర్లేదు, వైజాగ్‌లో ఆయిల్ పెయింట్ వేసేవాళ్లందరం అక్కడికే కదా పోయేది. "ప్యూర్ టైటానియం మేడం, మీకని తక్కువకి ఇస్తున్నా" అన్నాడు మూడేళ్ల కిందట. పొంగిపోయి ఆరు పెద్ద తెల్లరంగు ట్యూబులు మోసుకొచ్చాను.

వాటితో వేసిన ఆర్కే బీచ్ బొమ్మ నిన్న వెనక్కొచ్చింది. కొన్నావిడ ఒక్క మాట అనలేదు, టవల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. అల నురగ అని నైఫ్‌తో మందంగా మెత్తానే, అక్కడంతా ఎండిన చెరువులా నెర్రెలు. టవల్ దులిపితే గోరంత పెచ్చు రాలింది. పద్దెనిమిది వేలు తిరిగిచ్చేశాను.

అప్పుడు వెలిగింది నా బుర్ర. మిగిలిన ట్యూబు వెనకున్న ధర స్టిక్కర్ గోటితో గీకితే, కింద పీడబ్ల్యూ 4, పీడబ్ల్యూ 6 అని లోపలున్న రంగుపొడుల కోడ్‌లు. ముందు జింక్, తర్వాత టైటానియం! సరిగ్గా ఆ లైను మీదే అంటించాడు మహానుభావుడు. మూడేళ్లు అది నా కళ్లెదుటే ఉంది.

జింక్ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, చల్లటి తెలుపు. కానీ నూనెతో కలిసి లోపల్లోపల సబ్బులా మారి, పొర అప్పడంలా పెళుసెక్కుతుంది. అప్పట్లోనే అవిసె నూనెలో నూరిన అసలు టైటానియం ఒక అట్టముక్కకి పూసి బీరువాలో పడేశాను. చీకట్లో అదీ పసుపెక్కింది. నెల్లాళ్లు కిటికీ దగ్గర పెడితే చాలావరకు తెల్లబడింది. ఈ పగుళ్లని ఏ కిటికీలో పెట్టను?

ఇవాళ పొద్దున్నే పెచ్చు కాగితంలో పెట్టుకుని షాపుకెళ్లాను. "ఏటి మేడం, సముద్రం గాలికి ఇనుమే తుప్పట్టిపోతాది, రంగు పగలదేటి?" పక్కన కుర్రాడు కిసుక్కున నవ్వాడు. స్టిక్కర్ సంగతి అడిగితే, "ధర ఎక్కడో దగ్గర అంటించాలి కదండీ" అని ఫోన్ చూసుకుంటూ, నా పెచ్చుని బల్ల మీంచి మసిగుడ్డతో తుడిచేశాడు. తుడిచేశాడండీ! నేను వారం రోజులు కూర్చుని వేసిన నురగ.

సరే, కొనేటప్పుడు వెనక పీడబ్ల్యూ 6 ఒక్కటే ఉందా చూసుకోండి. టైటానియం వైట్ అని పేరు పెట్టి జింక్ కలిపే కంపెనీలు చాలానే ఉన్నాయి. బిల్లు కూడా అడగండి. నేనడిగితే "మనవాళ్లకి బిల్లెందుకండీ" అన్నాడు. నేనూ నవ్వి తలూపాను.