కణవిభజనను ఆపే రెండు దారులు: పాక్లిటాక్సెల్, పాల్బోసిక్లిబ్

క్యాన్సర్ కణం అదుపు లేకుండా విభజన చెందుతుంది కాబట్టి దాన్ని అడ్డుకోవాలన్న ఆలోచన ఈ రెండు మందులకూ ఉమ్మడిదే. అడ్డుకునే చోటు మాత్రం వేరు.

1992లో అమెరికాలో అనుమతి పొందిన పాక్లిటాక్సెల్ విభజన చివరి ఘట్టంలో పనిచేస్తుంది. రెట్టింపైన క్రోమోజోములను చెరోవైపుకు లాగే సూక్ష్మనాళికలు నిరంతరం పెరుగుతూ, తరుగుతూ ఉంటేనే ఆ పని సాగుతుంది. ఈ మందు వాటిని తరగనీయకుండా బిగించేయడంతో క్రోమోజోముల పంపకం చెడి, కణం చాలావరకు చనిపోతుంది. చిత్రమేమిటంటే, నాడీకణాల పొడవాటి తంతువుల్లో రవాణా కూడా ఈ నాళికల మీదుగానే జరుగుతుంది కనుక, విభజనే చెందని ఆ కణాలు సైతం దెబ్బతిని, వేళ్లలో తిమ్మిరి, మంట పుడతాయి. జుట్టు రాలడం సరేసరి.

పాల్బోసిక్లిబ్ వ్యవహారాన్ని అంతదాకా రానివ్వదు. డీఎన్‌ఏ నకలు తయారీ మొదలుకాకముందే, జి1 అనే తొలి దశలోనే కణాన్ని నిలిపివేస్తుంది. మామూలుగా సీడీకే4, సీడీకే6 ఎంజైములు ఆర్‌బీ ప్రొటీనుకు ఫాస్ఫేటు తగిలించి, విభజన సాగకుండా అది వేసిన గడియ తీస్తాయి; 2015లో అనుమతి పొందిన ఈ మందు ఆ ఎంజైములను పనిచేయనీయదు. అందుకే ఆర్‌బీని పూర్తిగా కోల్పోయిన కణితి మీద దీని వల్ల పెద్దగా ఫలితం ఉండదు.

చంపడం కంటే ఆపడమే దీని పని కాబట్టి, హార్మోను గ్రాహకాలున్న, హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రొటీను ఎక్కువగా లేని) అయిన ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో దీన్ని హార్మోను చికిత్సకు తోడుగా 21 రోజులు వాడి, 7 రోజులు విరామమిస్తారు. తెల్లరక్తకణాలు తగ్గడం రెంటితోనూ ఉన్న ఇబ్బందే గానీ, పాల్బోసిక్లిబ్ వాటిని తయారుచేసే ఎముక మజ్జ కణాలను చంపకుండా నిలిపి ఉంచుతుంది కనుక, ఆ విరామంలో అవి త్వరగా కోలుకుంటాయి.