కోరల్ ఫ్రాగ్‌కి రంగు రావాలంటే పస్తు పెట్టాలా, మేపాలా?

పెద్ద కోరల్ (పగడం) నుంచి తుంచి అమ్మే చిన్న ముక్కే ఫ్రాగ్. కొనేటప్పుడు గులాబీ, ఊదా రంగుల్లో మెరిసిన అక్రోపోరా అనే కొమ్మల కోరల్ ముక్క మన ట్యాంక్‌లోకి వచ్చిన కొన్ని వారాలకే గోధుమ రంగుకి తిరిగితే ఎవరికైనా టెన్షనే. సలహా అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "నీళ్లు ఇంకా శుభ్రం చెయ్యి, నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాల్ని సున్నాకి దించు" అంటారు. ఇంకొకరు "చేపల్ని పెంచు, మేత పెంచు, స్కిమ్మర్ (నురగతో వ్యర్థాలను తోడేసే పరికరం) తగ్గించు" అంటారు. ఇద్దరూ తమ ట్యాంక్ ఫోటోలు చూపిస్తారు, రెండూ బాగానే ఉంటాయి. కొత్తవాళ్లు తికమకపడేది అక్కడే. రెండు దారుల్లోనూ రంగు వస్తుంది గానీ, వచ్చే రంగు ఒకటి కాదు, పడాల్సిన పాట్లూ ఒకటి కావు. ఇంట్లో ట్యాంక్ పెట్టుకున్న చాలామందికి మేపే దారే మేలని నా లెక్క. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రంగు ఎక్కడిదో చూడాలి.

గోధుమ రంగు కోరల్‌ది కాదు. దాని కణాల్లో కాపురం ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచుది. ఈ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి కోరల్‌కి పెడుతుంది, కోరల్ వదిలే నత్రజని వ్యర్థాలను తను వాడుకుంటుంది. నీళ్లలో నైట్రేట్ ఎక్కువై, వెలుతురు చాలకపోతే ఈ నాచు కణాలూ పెరుగుతాయి, వాటిలోని పిగ్మెంటూ పెరుగుతుంది. కోరల్ సొంత రంగులు ఆ గోధుమ రంగు కింద మునిగిపోతాయి.

సొంత రంగులు ప్రధానంగా రెండు రకాలు. క్రోమోప్రొటీన్లు కాంతిలో కొంత భాగాన్ని మింగేసి, మామూలు తెల్ల లైటు కింద కూడా ఊదాగా, నీలంగా, గులాబీగా కనబడతాయి. ఫ్లోరసెంట్ ప్రొటీన్లు నీలి కాంతిని తీసుకుని పచ్చగానో ఎర్రగానో తిరిగి వెలుగుతాయి. 1962లో ఒసాము షిమోమురా జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన జీఎఫ్‌పీ అనే పచ్చటి ప్రొటీన్ ఈ కుటుంబానిదే. దాని మీద జరిగిన పనికి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన ట్యాంకుల్లో రాయికి అంటుకుని పెరిగే డిస్కోసోమా అనే మష్రూమ్ కోరల్ ఉంది చూశారా, ప్రయోగశాలల్లో విరివిగా వాడే డీఎస్‌రెడ్ అనే ఎర్రటి ప్రొటీన్ 1999లో దాని జాతి నుంచే బయటపడింది. మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒక్కటే: ఇవన్నీ ప్రొటీన్లు. ప్రొటీన్ తయారు కావాలంటే నత్రజని కావాలి, దండిగా శక్తి కావాలి. కడుపు మాడుతున్న కోరల్‌కి ఆ రెండూ ఎక్కడినుంచి వస్తాయి?

ఇప్పుడు పస్తు దారి సంగతి. దీన్ని నడిపే పద్ధతి చాలామందికి తెలిసిందే. వోడ్కానో వెనిగర్‌నో కొద్దికొద్దిగా ట్యాంక్‌లో వేస్తారు. ఆ కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరుగుతూ నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ తనలోకి లాక్కుంటుంది, ఆ బ్యాక్టీరియాని స్కిమ్మర్ బయటికి తోడేస్తుంది. ఫాస్ఫేట్ ఇంకా మిగిలితే దాన్ని పీల్చుకునే ఇనుము కలిసిన గుళికలతో ఐరన్ మీడియా రియాక్టర్ పెడతారు. ఫలితం త్వరగానే కనబడుతుంది. నాచు కణాలు తగ్గిపోయి, గోధుమ రంగు పలచబడి, కింద ఉన్న లేత గులాబీ, లేత నీలం పైకి తేలతాయి. పేస్టల్ రంగులంటే ఇష్టపడేవాళ్లకు ఇది నిజంగానే అందం, నేను కాదనను. కానీ ఆ లేతదనంలో సగం కోరల్ బక్కచిక్కడం వల్ల వచ్చిందే.

చిక్కు ఎక్కడంటే, ఈ దారిలో తప్పు జరిగితే తట్టుకునే ఓపిక కోరల్‌లో మిగలదు. ఆల్కలినిటీ (అస్థిపంజరం కట్టుకోవడానికి కోరల్ వాడుకునే కార్బొనేట్ల కొలత, డీకేహెచ్ లెక్కన చెబుతారు) 7 నుంచి 8 డీకేహెచ్ మధ్య పెట్టుకోవాలి. సహజ సముద్రపు నీటిలో ఉండేది దాదాపు 7. ఉప్పు ప్యాకెట్‌లో వచ్చే 10, 11 డీకేహెచ్‌తో సున్నా పోషకాలు కలిస్తే కొమ్మల కొసలు కాలిపోతాయి. ఇక్కడ కొసను దగ్గరగా చూడటం నేర్చుకోవాలి. ఆరోగ్యంగా పెరుగుతున్న అక్రోపోరా కొస కూడా తెల్లగానే ఉంటుంది, అది చూసి కంగారుపడక్కర్లేదు. భూతద్దం పెట్టి చూస్తే ఆ తెలుపు మీద పలచటి చర్మం నిగనిగలాడుతూ ఉంటుంది, మధ్యలో గుండ్రటి చిన్న గొట్టం, దాని చుట్టూ బుల్లి బుల్లి పాలిప్ గూళ్లు (పాలిప్ అంటే కోరల్‌లోని ఒక్కో చిన్న జీవి) కడుతూ కనబడతాయి. కాలిన కొస అలా కాదు. చర్మం ఉండదు, ఎముకలా పొడిబారిన తెలుపు, చర్మం ఆగిపోయిన చోట చిరిగినట్టు గీత. కొద్ది రోజుల్లో దాని మీద పచ్చటి నాచు పట్టేస్తుంది. ఈ తేడా తెలియక, కాలిన కొసల్ని "గ్రోత్ టిప్స్" అనుకుని మురిసిపోయేవాళ్లు తక్కువేం కాదు.

రెండో చిక్కు డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో ఇసుక మీద, ఫ్రాగ్ అతికించే చిన్న దిమ్మెల (ప్లగ్గుల) మీద గోధుమ రంగు జిగురు, అందులో గాలి బుడగలు వచ్చాయంటే వీటినే అనుమానించాలి. వచ్చాక వదిలించుకోవడం బ్రహ్మప్రళయం. మూడోది, నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ మాత్రమే మాయమయ్యే పరిస్థితి. ఐరన్ మీడియా అతిగా వాడితే జరిగేది ఇదే. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని గురించే. నత్రజని పెరిగి ఫాస్ఫేట్ కరువైతే, వేడికీ వెలుతురుకీ కోరల్ తెల్లబడిపోయే ముప్పు పెరుగుతుందని వాళ్లు చూపించారు. అంటే రెండూ కాస్త ఉండటం కంటే ఒకటి ఉండి ఒకటి లేకపోవడం ప్రమాదం.

మేపే దారిలో లక్ష్యం వేరు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు), ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలబెట్టడం. పోషకాలను సీసాతో పొయ్యడం కంటే చేపల ద్వారా ఇస్తే మంచిది. ఎందుకంటే చేప విసర్జించే అమ్మోనియాను కోరల్ లోపలి నాచు సులువుగా వాడుకుంటుంది, రేణువుల్ని పాలిప్‌లు పట్టుకుంటాయి. బాగా మేపడం, బాగా తోడెయ్యడం రెండూ జరగాలి: స్కిమ్మర్ పనిచేస్తూనే ఉండాలి, నీళ్లు మారుస్తూనే ఉండాలి. ఇలా పెరిగిన అక్రోపోరాకి వచ్చే రంగు ముదురుగా, నిండుగా ఉంటుంది. పాలిప్‌లు బారెడు బయటికి చాస్తుంది. కాసేపు కరెంటు పోయినా, ఖనిజాలు కొలిచి పోసే డోసింగ్ పంప్ ఒక పూట మొండికేసినా తట్టుకుంటుంది. ఇంట్లో ట్యాంక్‌కి ఆ చివరి గుణమే అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే మనలో ఎవరమూ ట్యాంక్ ముందు రోజంతా కూర్చోలేం.

నష్టాలు లేవా అంటే ఉన్నాయి. వారానికోసారి తుడిచే అద్దాన్ని రెండుమూడు రోజులకోసారి తుడవాలి. ప్లగ్గుల మీద నాచు పడుతుంది, దాన్ని బ్రష్‌తో రుద్దకపోతే ఫ్రాగ్ పాదం పక్కకి పాకలేదు. ఫాస్ఫేట్ బాగా పెరిగితే అస్థిపంజరం కట్టుకోవడానికే అడ్డుపడుతుంది. ఇక అసలు షరతు: మేత పెంచి వెలుతురు పెంచకపోతే గోధుమ రంగు తప్పదు. "నేనూ మేపాను, అన్నీ బ్రౌన్ అయిపోయాయి" అనేవాళ్ల లైట్లు చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

కాబట్టి లైట్ల ముచ్చట. ఎల్‌ఈడీయా, టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులా? టీ5 వెలుతురు పొడుగాటి ట్యూబుల నుంచి నాలుగు పక్కలా పరుచుకుంటుంది కాబట్టి కొమ్మ పక్కలకీ కిందికీ కూడా అందుతుంది, రంగు అంతటా సమానంగా వస్తుంది. ఫ్రాగ్ ర్యాక్ లాంటి వెడల్పాటి పరుపుకి ఇది బాగా నప్పుతుంది. కానీ ట్యూబులు ఏడాదికోసారైనా మార్చాలి, వేడి ఎక్కువ, చాలా ఫిక్చర్లలో వెలుతురు తగ్గించే వీలుండదు. ఎల్‌ఈడీలో అన్నీ మన చేతిలో ఉంటాయి, కరెంటు ఖర్చు తక్కువ, ఏళ్ల తరబడి నడుస్తుంది. దాని లోపం నీడలు. ఒకే చోటు నుంచి కొట్టే వెలుతురుకి కొమ్మ పైభాగం రంగులీనుతుంటే కింది భాగం వెలిసిపోతుంది లేదా గోధుమగా ఉండిపోతుంది. రెండూ కలిపిన హైబ్రిడ్ ఫిక్చర్ ఫలితం బాగుంటుంది గానీ ఖర్చూ రెండింతలు. నన్నడిగితే కొత్తగా కొనేవాళ్లు ఎల్‌ఈడీయే కొనండి, ఒక పెద్ద లైటుకు బదులు రెండు చిన్నవి దూరందూరంగా పెట్టండి. నీడ సమస్య చాలావరకు తీరిపోతుంది.

లైటు ఏదైనా పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత) మీటర్‌తో కొలిచాకే నమ్మాలి. అక్రోపోరాకి 200 నుంచి 350 పార్, యూఫిల్లియా, అకాంథాస్ట్రియా లాంటి పెద్ద పాలిప్ రకాలకు 80 నుంచి 150, మష్రూమ్‌లకు ఇంకా తక్కువ. కొత్త ఫ్రాగ్‌ని తెచ్చిన రోజే ర్యాక్ పై అరలో పెడితే తెల్లబడుతుంది. కింద మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పైకి జరపాలి, లేదా లైటు శాతమే మెల్లగా పెంచాలి.

నీలి లైటు ఎక్కువ పెట్టాలా, తెలుపు కలపాలా అన్నది దీని తోక ప్రశ్న. నీలి కాంతి ఈ రంగు ప్రొటీన్ల తయారీని ప్రేరేపిస్తుందన్నది పరిశోధనల్లో తేలిన విషయమే, కాబట్టి నీలం ప్రధానంగా ఉండాల్సిందే. అయితే పూర్తి నీలం కింద ఏ కోరల్ అయినా మెరుస్తుంది, కొంచెం జబ్బు చేసింది కూడా. రోజులో కొన్ని గంటలైనా తెల్ల లైటు వెలగనిస్తే నిజమైన రంగు ఏమిటో తెలుస్తుంది. కొనేటప్పుడూ అంతే: ఫోటో నీలి లైటు కింద తీసిందైతే తెల్ల లైటు ఫోటో కూడా అడగండి. ఇవ్వనంటే కారణం మీకే తెలుస్తుంది.

డోసింగ్ (కోరల్ వాడేసిన ఖనిజాలను తిరిగి పొయ్యడం) గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. పది పదిహేను ఫ్రాగ్‌లే ఉంటే వారం వారం నీళ్లు మార్చడం చాలు. అంతకు మించితే టూ పార్ట్ (కాల్షియం, ఆల్కలినిటీ విడివిడి ద్రావణాలు), చిన్న డోసింగ్ పంప్‌తో. కాల్క్‌వాసర్ (సున్నపు నీళ్లు) చవక, పీహెచ్ పెంచుతుంది కాబట్టి ఎదుగుదలకు మంచిది, కానీ ఆవిరయ్యే నీటికి మించి పొయ్యలేం, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా పడితే ట్యాంక్ పోతుంది. కాల్షియం రాళ్లను కరిగించి ఇచ్చే కాల్షియం రియాక్టర్ పెద్ద కాలనీలతో నిండిన ట్యాంకుల సరుకు, ఫ్రాగ్ దశలో దండగ. ఏది వాడినా కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1400 మధ్య ఉండి, ఆల్కలినిటీ ఒక రోజులో అర డీకేహెచ్ కంటే ఎక్కువ ఊగకపోతే రంగుకి ఢోకా లేదు. 8 దగ్గర స్థిరంగా ఉన్న ట్యాంక్, 7కీ 9.5కీ మధ్య ఊగే ట్యాంక్ కంటే ఎప్పుడూ మెరుగు.

ఫ్రాగ్ చిన్నది కొనాలా, పెద్దది కొనాలా? అక్రోపోరా అయితే కాస్త పెద్దదే మేలు. రెండు సెంటీమీటర్ల ముక్క మొదటి కొన్ని నెలలు పాదం పరుచుకోవడానికే సరిపెడుతుంది, పైకి లేవదు, చూసేవాళ్లకు విసుగొస్తుంది. బండలా పెరిగే రకాల లెక్క మాత్రం తిరగబడుతుంది. ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ లేబొరేటరీలో డేవిడ్ వాన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన మైక్రోఫ్రాగ్మెంటింగ్ పద్ధతిలో బండ కోరల్స్‌ని డైమండ్ రంపంతో గోరంత ముక్కలుగా కోసి దగ్గరదగ్గరగా అతికిస్తారు. గాయం మాన్పుకునే తొందరలో అవి మామూలుకంటే ఎన్నో రెట్లు వేగంగా పాకి, ఒకే తల్లి ముక్కలు కాబట్టి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఫావియా రకాల్ని ఇంట్లోనూ ఇలా ప్రయత్నించవచ్చు. బొత్తాల్లా గుంపులుగా పెరిగే జోవాంథిడ్లు, పాలిథోవాలు కోసేటప్పుడు మాత్రం గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా చెయ్యి పెట్టకండి. వాటిలో కొన్నిట్లో ఉండే పాలిటాక్సిన్ ప్రాణాలమీదికి తెస్తుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో ఉడికించడం అసలే వద్దు, ఆవిరితో అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అన్నట్టు జోవాంథిడ్లు పస్తు దారిని బొత్తిగా సహించవు, ముడుచుకుని ఒక్కొక్కటే కరిగిపోతాయి. మిశ్రమ ట్యాంక్ ఉన్నవాళ్లు మేపే దారి పట్టడానికి ఇదొక్క కారణమైనా చాలు.

మరి పస్తు దారి ఎవరికి? ట్యాంక్ నిండా అక్రోపోరాయే ఉండి, ఆల్కలినిటీ రోజూ కొలిచే ఓపిక ఉండి, పేస్టల్ రంగులే కావాలనుకునేవాళ్లకు. వాళ్లు కూడా సున్నా వరకు వెళ్లక్కర్లేదు, నైట్రేట్ 1, ఫాస్ఫేట్ 0.02 దగ్గర ఆగితే కావాల్సిన లేతదనం వస్తుంది.

ఇప్పటికే ఉన్న ట్యాంక్‌లో ఎటు జరగాలో ఫ్రాగ్‌ని చూసి తేల్చుకోవచ్చు. గోధుమగా ఉండి పాలిప్‌లు బాగా చాస్తుంటే దానికి తిండి సరిపోతోంది, వెలుతురు పెంచండి. వెలిసిపోయి పాలిప్‌లు ముడుచుకుని ఉంటే ముందు నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి. రెండూ సున్నా చూపిస్తే కార్బన్ డోసింగ్ మెల్లగా తగ్గించి మేత పెంచండి. పోషకాలు బాగానే ఉండి పైభాగం ఒక్కటే వెలిసిందంటే వెలుతురు ఎక్కువైంది, ఒక అర కిందికి దించండి. మాంటిపోరా రకం కోరల్ అయితే ఇవేవీ చెయ్యకముందు అడుగు తిప్పి చూడండి, తెల్లగా కొరికిన మచ్చలుంటే అది నూడిబ్రాంక్‌ల (గుల్ల లేని సముద్రపు నత్తల) పని. డిప్‌లో (పురుగుల్ని చంపే మందు కలిపిన నీళ్లలో) ముంచితే పెద్దవి పోతాయి గానీ గుడ్లు చావవు, కాబట్టి వాటిని గీకేసి, కొన్ని రోజుల తేడాతో మళ్లీ మళ్లీ ముంచాలి. చర్మం పాదం నుంచి గంటగంటకూ ఊడుతూ పైకి వస్తుంటే మాత్రం ఈ వాదాలన్నీ పక్కన పెట్టి కటర్ తీసుకోండి. ఊడిన గీతకి కొన్ని మిల్లీమీటర్ల పైన, చర్మం గట్టిగా ఉన్న చోట కొమ్మను తుంచి, జెల్ సూపర్‌గ్లూతో కొత్త ప్లగ్‌కి అతికించి, తక్కువ వెలుతురు, మంచి ప్రవాహం ఉన్న మూలకి మార్చండి.