గోపాల్‌పూర్, బరంపురం, తప్తపాణి, జిరంగ్: ఒళ్ళు చెప్పే మాట వినే చోటు కోసం ఒక వారం

అమ్మ సంవత్సరీకం పెట్టిన వారానికి పర్లాకిమిడిలో పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నాను. దవడ పన్ను ఒకటి చీలింది. నిద్రలో పళ్ళు కొరుకుతున్నారమ్మా, చాలా రోజులుగా జరుగుతున్నట్టుంది, మనసులో ఏమైనా పెట్టుకున్నారా అని ఆయన అడిగారు. ఏమీ లేదండీ అన్నాను. నిజంగానే ఏమీ లేదనుకున్నాను. అమ్మ పక్షవాతంతో రెండేళ్ళు మంచంలో ఉంది, చూసుకున్నాను, పోయింది, కర్మకాండ అంతా సవ్యంగా జరిగింది, నాకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు. అందరూ "భలే ధైర్యం" అన్నారు. కాకపోతే రోజూ రాత్రి మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. భుజాలు ఎప్పుడూ చెవుల దాకా లేచే ఉండేవి, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే గుండె దడదడలాడేది. థైరాయిడ్, షుగర్, ఈసీజీ అన్నీ చేయించాను, ఏ రిపోర్టులోనూ తేడా లేదు.

బరంపురంలో మా వారి అక్క ఉంది. "మాటలతో తేలేది కాదులే ఇది, నువ్వు మాటలు చెప్పవు కూడా. ఒక వారం ఇటు రా, ఒంటిని కాస్త చూసుకుందాం" అంది వదిన. డిసెంబర్‌లో వెళ్ళాను. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఇలా ఒంట్లో నిలిచిపోయిన దుఃఖానికి సాయం కోసం వెతుకుతుంటే పనికొస్తుందని, ఎక్కడ ఏం దొరికింది, ఎక్కడ డబ్బు దండగైంది రాస్తున్నాను.

పర్లాకిమిడిలో గుణుపురం-పూరీ రైలెక్కితే బండి మారకుండా బరంపురంలో దిగొచ్చు. 1900లో మా రాజావారు వేయించిన చిన్న రైలు దారే ఇది, ఇప్పుడు పెద్ద లైను అయింది. అమ్మ చిన్నప్పుడు ఆ చిన్న బండిలో నౌపడ దాకా వెళ్ళేదట, కిటికీలోంచి చెయ్యి చాపితే చెట్ల ఆకులు అందేవని చెప్పేది. బండిలో కూర్చుని అది గుర్తు చేసుకున్నా నాలో ఏమీ కదల్లేదు. నన్ను భయపెట్టింది అదే, పన్ను చీలడం కాదు.

మొదట గోపాల్‌పూర్. బరంపురానికి 16 కిలోమీటర్లే, ఆటోలు, బస్సులు ఎప్పుడూ ఉంటాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం, పేరు రాయను. గది శుభ్రంగా ఉంది, పెసరట్టు బాగుంది, అక్కడికి సరే. వాళ్ళ స్పాలో "ఎమోషనల్ డీటాక్స్" అని ఒక ప్యాకేజీ ఉంది, గంటన్నరకు 3,500. ఒంట్లో దాక్కున్న దుఃఖమంతా ఒక్క సిట్టింగ్‌లో బయటికొచ్చేస్తుందని కౌంటర్ దగ్గర అమ్మాయి చెప్పింది. ఆశపడ్డాను. లోపల పడుకోబెట్టి, మీకేమైనా నొప్పులున్నాయా, ఎక్కడైనా ముట్టుకోవద్దా అని ఒక్క మాట అడక్కుండా మెడ దగ్గర మొదలుపెట్టి మోచేత్తో నొక్కేసింది. నొప్పి అంటే "వదిలేయండి మేడమ్, వదిలేయండి" అంటోంది. నేను వదల్లేదు, బిగుసుకుపోయాను. వద్దని చెప్పడానికి నోరు కూడా పెగల్లేదు. గదికొచ్చాక రాత్రంతా చలేసింది, దవడ ఇంకా గట్టిపడింది.

నూనె మర్దన చెడ్డదని నేను అనడం లేదు. మా అమ్మమ్మ నువ్వుల నూనెతో ఒళ్ళు రుద్దితే ఎంత హాయిగా నిద్రపట్టేదో ఇప్పటికీ గుర్తుంది. అది ఒంటికి సేద తీర్చడం. కానీ దుఃఖాన్ని పిండి తీస్తామని చెప్పి, అడక్కుండా నొక్కడం వేరు. మనసు దెబ్బతిన్న మనిషికి అది ఇంకో దెబ్బ.

అదే గోపాల్‌పూర్‌లో పైసా ఖర్చు లేకుండా మేలు చేసింది మర్నాడు పొద్దున సముద్రపు ఒడ్డు. ఒడియావాళ్ళు నోలియాలు అని పిలిచే మన తెలుగు మత్స్యకారులు పెద్ద వల లాగుతున్నారు. తాడు పట్టుకుని ఒక వరసలో వెనక్కి వాలడం, ఊపిరి వదులుతూ పాదం ఇసకలో దించడం, మళ్ళీ. అలా చూస్తూ నిలబడితే తెలియకుండానే నా ఊపిరి కూడా వాళ్ళ పాటతో పాటు నడిచింది. చాలాకాలం తర్వాత ఊపిరి పొట్టదాకా దిగింది. బీచ్‌కి వెళ్ళేవాళ్ళు సాయంత్రం జనంలో కాకుండా తెల్లవారి వెళ్ళండి.

ఇక బరంపురం. వదినకు తెలిసిన ఒక కౌన్సెలర్ ఉన్నారు. సైకాలజీ చదివి, తర్వాత సోమాటిక్ పద్ధతిలో, అంటే ఒంట్లో తెలిసేదాన్ని పట్టుకుని మనసుకు సాయం చేసే పద్ధతిలో శిక్షణ తీసుకున్నారు. ఒక ఇంటి మేడ మీద చిన్న గది: రెండు కుర్చీలు, ఒక చాప, నీళ్ళ కూజా. 50 నిమిషాలకు వెయ్యి రూపాయలు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేసరికే తేడా తెలిసింది, ఎందుకంటే ఆవిడ మొదట అడిగింది "ఏ కుర్చీలో కూర్చుంటారు? తలుపు కనిపించేలా కావాలా, కిటికీ వైపు కావాలా?" అని. నేను తలుపు కనిపించేలా అన్నాను. ఇంత చిన్న విషయం ఎవరూ నన్ను అడగలేదని అప్పుడు తోచింది.

తన చదువు ఏమిటో, ఏం చేస్తారో, ఏం చేయరో ముందే చెప్పారు. వేసుకునే మందులు ఏవైనా ఉంటే డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దన్నారు. ఈ పద్ధతి మీద పెద్ద అధ్యయనాలు ఇంకా తక్కువే, కొందరికి బాగా పనిచేస్తోంది, అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేను అన్నారు. స్పా కౌంటర్‌లో విన్న హామీ తర్వాత ఈ మాట వింటే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

పద్ధతి సంగతి ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. అమెరికాలో పీటర్ లెవిన్ అనే ఆయన దీనికి ఒక రూపం ఇచ్చాడు. ప్రమాదం ఎదురైతే ఒళ్ళు పారిపోవడానికో ఎదిరించడానికో సిద్ధమవుతుంది. రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. ప్రమాదం గడిచిపోయినా ఆ సన్నాహం ఒంట్లో అలాగే ఉండిపోవచ్చన్నది ఆయన ఆలోచన. అందుకని జరిగిన కథంతా తవ్వి చెప్పించరు. ఒంట్లో ఇప్పుడు ఏం తెలుస్తోందో చూడమంటారు. బాధ ఉన్నచోట కొద్దిసేపు, హాయిగా ఉన్నచోట కొద్దిసేపు, ఉయ్యాల ఊగినట్టు అటూ ఇటూ. ఒకేసారి ఎక్కువ తాకరు. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, దానికి కారణం మెదడు కింది నుంచి మెడ, గుండె మీదుగా పొట్టదాకా వచ్చే వేగస్ నాడి, పదో కపాల నాడి అంటారు.

నాకు బాగా నచ్చింది ఆవిడ తెలుగు. ఒడియా ఆవిడే, కానీ బరంపురంలో పెరిగింది కాబట్టి మన మాట బాగా వచ్చు. ఇంగ్లీషులో "ఏం ఫీలవుతున్నారు" అంటే నేను "ఐయామ్ ఓకే" అనేసేదాన్నే. ఆవిడ అలా కాక "గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుందా, లేక గుండె మీద బరువు పెట్టినట్టుందా?" అని అడిగింది. ఇంకేం దాస్తాను! కడుపు తరుక్కుపోవడం, కాళ్ళ కింద నేల కదిలిపోవడం, గుండె చెరువవడం, మన భాషలో బాధ ఎప్పుడూ ఒంట్లోనే కదా ఉంది. వెలక్కాయే అన్నాను, గొంతు చూపించాను. అక్కడ ఎంత ఉంది, వేడా చల్లనా, కదులుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. మధ్యలో "ఇప్పుడు కిటికీ బయట వేపచెట్టు చూడండి" అనేది. చూస్తే కొంచెం వదులయ్యేది. మళ్ళీ గొంతు. మళ్ళీ చెట్టు.

అరగంట అయ్యాక "అక్కా, మీ కుడిచేతి బొటనవేలు ఎక్కడుందో చూశారా?" అంది. చూసుకున్నాను. నాలుగు వేళ్ళు మూసి, బొటనవేలు లోపల దాచి, పిడికిలి బిగించి ఉంది. ఎప్పుడు బిగించానో తెలియదు. "తెరవకండి. అదేం చేస్తోందో చూడండి చాలు" అంది.

కాసేపటికి తెలిసింది. అమ్మకు పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. దుప్పటి అంచు పిడికిట్లో చుట్టి, బొటనవేలు జారకుండా లోపలికి తోసి, భుజం ఎత్తి, దవడ బిగించి, "అమ్మా, తిప్పుతున్నా" అని లాగేదాన్ని. రాత్రుళ్ళు ఒంటిగంటకు, మూడింటికి, ఐదింటికి. అమ్మ పోయి ఏడాదైనా నా చెయ్యి ఇంకా ఆ దుప్పటి పట్టుకునే ఉంది.

ఆ కదలికను గాల్లో నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పూర్తి చేయమంది. లాగడం కాదు, లాగాక ఒక్కో వేలూ వదిలి దుప్పటి మంచం మీద పరచడం. రెండు నిమిషాల పని. చిటికెన వేలు విడేసరికి పెద్ద ఆవులింత వచ్చింది, కడుపులో గుడగుడమంది. సిగ్గేసింది. "మంచిదే, ఒళ్ళు సేద తీరుతోంది" అని నవ్వింది. ఆ గంటలో ఆవిడ నన్ను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

మర్నాడు అదే ఊళ్ళో ఒక యోగనిద్ర క్లాసుకు కూడా వెళ్ళాం, ఉచితం. ముంగేరులో స్వామి సత్యానంద సరస్వతి రూపొందించిన వరస అది, ఒళ్ళంతా ఒక్కో భాగంగా మనసు తిప్పడం. వదిన హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం వెల్లకిలా పడుకుని కళ్ళు మూసేసరికి గుండె దడ. కళ్ళు తెరిస్తే గురువుగారు అందరి ముందూ మందలించారు. పద్ధతిలో తప్పులేదు, నాకే దానికి ఇంకా వేళ కాలేదు. నాలాంటి వాళ్ళు పక్కకు తిరిగి పడుకోవచ్చా, కళ్ళు తెరిచి ఉంచొచ్చా అని ముందే అడగండి. కుదరదంటే లేచి వచ్చేయండి.

తప్తపాణి, జిరంగ్ రెండూ ఒకే దారి, దిగపహండి మీదుగా. రెండు రోజులకు కారు 5,500 పడింది. తప్తపాణి 50 కిలోమీటర్లు, అడవిలో గంధకపు వేడినీటి ఊట. ఊట దగ్గర గుండంలో సెలవు రోజుల్లో జనం, సబ్బు కవర్లు, ఫోన్లలో వీడియోలు, అక్కడ మనశ్శాంతి కోసం చూడకండి. పక్కనే ఒడిశా పర్యాటక శాఖ వారి పంథనివాస్‌లో కొన్ని గదుల తొట్టెల్లోకి ఆ వేడినీళ్ళే వస్తాయి, అలాంటి గది ముందుగా బుక్ చేసుకుంటేనే ఈ ఊరికి రావడం దండగ కాదు. గంధకం వాసన మొదట ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. నేను కాళ్ళు మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టి పదిహేను నిమిషాలు కూర్చున్నాను, భుజాలు వాటంతట అవే దిగాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దిగొద్దు.

జిరంగ్ గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర, బరంపురం నుంచి 80 కిలోమీటర్లకు పైనే. 1963లో టిబెట్ కాందిశీకులు ఇక్కడ ఊళ్ళు కట్టుకున్నారు. పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మా జిల్లాయే, ఇన్నేళ్ళూ పిక్నిక్ చోటని మాత్రమే అనుకున్నాను. ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో రాత్రి ఉన్నాం. మంచాలు గట్టివి, వేడినీళ్ళు బకెట్‌తో అడిగి తెచ్చుకోవాలి, డిసెంబర్‌లో చలి ఎముకల్లోకి వెళ్తుంది, రెండు దుప్పట్లు తీసుకెళ్ళండి. వేడి వేడి తుక్పా (టిబెటన్ల నూడుల్స్ సూప్) మాత్రం ఎంత బాగుందో.

పొద్దున్నే మంచులో ముసలివాళ్ళు జపమాల తిప్పుకుంటూ విహారం చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటారు. మనలాగే కుడివైపుగా. ఒక ముసలావిడ వెనక నేనూ నడిచాను. ఆవిడ అడుగు ఎంత చిన్నదంటే, దాన్ని అందుకోవడానికి నా ఒళ్ళంతా నిదానించాల్సి వచ్చింది. మూడో చుట్టు అయ్యాక మెట్ల దగ్గర ఆవిడ ఆగి, నావైపు చూడకుండానే చెయ్యి చాపింది. పట్టుకున్నాను. ఆవిడ బరువంతా నా మోచేతి మీద వాలింది, అమ్మ బరువంతే. దవడ బిగుస్తుందనుకున్నాను, బిగియలేదు. చివరి మెట్టు దిగేసరికి నా ముఖం తడిసిపోయింది. ఆవిడ జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చి, ఏదో టిబెటన్‌లో అని, మళ్ళీ ప్రదక్షిణకు వెళ్ళిపోయింది. నేను ఆ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. వదిన దూరంగా నిలబడింది, దగ్గరికి రాలేదు. అందుకు ఆవిడకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఒక ముఖ్యమైన మాట. చచ్చిపోవాలనిపించడం, రోజుల తరబడి లేవలేకపోవడం లాంటివి ఉంటే ఈ ప్రయాణాలు, థెరపీలు తర్వాత, ముందు డాక్టర్. బరంపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. థెరపీ పేరుతో తాకే ముందు అడగని వాళ్ళ దగ్గర, ఆపమంటే ఆపని వాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు, డబ్బు కట్టేసి ఉన్నా సరే.

తిరుగు ప్రయాణానికి ముందు మేడ మీద గదికి ఇంకోసారి వెళ్ళాను. జిరంగ్ సంగతి చెప్పాను. ఆవిడ దానికి అర్థాలేమీ చెప్పలేదు, "ఇప్పుడు చెబుతుంటే ఊపిరి ఎక్కడిదాకా వెళ్తోంది?" అని అడిగింది.

మూడింటికి మెలకువ ఇంకా వస్తోంది. అయితే ఇప్పుడు లేచి కాళ్ళు చల్లటి గచ్చు మీద పెడతాను, కుడి పిడికిలి చూసుకుంటాను, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పి, దుప్పటి పరిచినట్టు చెయ్యి మంచం మీద పరుస్తాను. కొన్ని రాత్రులు మళ్ళీ నిద్రపడుతోంది, కొన్ని రాత్రులు లేదు. ఫిబ్రవరిలో రెండు సిట్టింగులకు మాట తీసుకున్నాను, రైలు టిక్కెట్టు కూడా అయింది.