చేపల పులుసుకి ఏది మేలు: కోనమా, కానాగంతలా?

ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో జరిగే గొడవ ఎప్పుడూ ఒకటే. చేపలు తేవాలన్నది ఖాయం, ఏ చేప అన్నదే తేలదు. మా అమ్మది భీమిలి, ఆవిడ దృష్టిలో కానాగంతలు (ఇంగ్లీషులో మాకరెల్ అంటారు) తప్ప మిగతావన్నీ "ఏవో చేపలు". మా ఆవిడది గుడివాడ వైపు, చెరువు చేప తిని పెరిగిన మనిషి, పెళ్ళయిన కొత్తలో సముద్రపు చేప అంటేనే ముక్కు మూసుకునేది, ఇప్పుడు కోనం (కొన్నిచోట్ల వంజరం అంటారు) దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. పిల్లలిద్దరికీ ముల్లు లేకపోతే చాలు, ఏదైనా ఒకటే. తెచ్చేదీ వండేదీ నేనే కాబట్టి తిట్లు కూడా నాకే. పదేళ్ళుగా రెండూ వండీ వండీ నాకో అభిప్రాయం ఏర్పడింది, ఒప్పుకోకపోతే మీ ఇష్టం.

ముందే చెప్పేస్తా: పులుసుకి కానాగంతలు, వేపుడుకి కోనం. మా చుట్టాల్లో దీన్ని తిరగేసి చేసేవాళ్ళే ఎక్కువ. చుట్టాలొస్తే ఖరీదైన చేప తేవాలి, చుట్టాలకి పులుసు పెట్టాలి, అందుకని కోనం పులుసు. ఆ లెక్కలో రుచి ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోనం కొన్న డబ్బులకి కానాగంతలు మూడింతలు వస్తాయి, సీజన్ బాగుంటే ఇంకా ఎక్కువే, అందుకే కాబోలు కానాగంతలు వండి పెడితే "పాపం, చేతిలో డబ్బులాడుతున్నట్టు లేదు" అనుకుంటారేమో అని భయం.

చవక చేప కదా అని తీసిపారేసేవాళ్ళకి ఒక ముచ్చట. పాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండ్ వైద్యుడు ఒకాయన 1780ల్లో మన విశాఖపట్నంలో ఉండేవాడు. ఈ తీరంలో దొరికే రెండొందల చేపలకి బొమ్మలు వేయించి, ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లతోనే పుస్తకం చేశాడు, అది 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఉన్న మన పేరునే తీసుకుని 1816లో ఫ్రాన్సు శాస్త్రవేత్త కువియే కానాగంతకి శాస్త్రనామం పెట్టాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా ఆ చేప పేరు రాస్ట్రెల్లిగర్ కానగుర్తే. కానగర్త అన్నా కానాగంత అన్నా మన నోట్లోంచి వెళ్ళిన మాటే. కోనానికీ ఆ యోగం పట్టబోయింది, 1851లో బ్లీకర్ అనే ఆయన దానికి కోనం పేరే పెట్టాడు గానీ, అదే చేపకి 1800లోనే ఇంకొకాయన వేరే పేరు పెట్టేసి ఉండడంతో చెల్లలేదు. మా అమ్మకి ఇది చెప్తే "మరి నేనేటన్నాను" అంది, ఆ పుస్తకమేదో తనే రాసినట్టు.

సరే, వంట. కోనం గట్టి కండ ఉన్న చేప. మధ్యలో ఒకటే వెన్నుముల్లు, చుట్టూ తెల్లటి మందపాటి కండ, కొవ్వు తక్కువ. అడ్డంగా ముక్కలు కోయిస్తే చూడ్డానికి గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. దాని గొప్పా అదే, పులుసులో దాని తంటా అదే. ముక్క మందంగా ఉండేసరికి పులుపూ కారమూ పైపైనే అంటుకుని లోపలంతా చప్పగా ఉంటుంది, పోనీ లోపలికి దిగుతుందని ఇంకాసేపు ఉడికిస్తే పీచులాగా ఎండిపోతుంది. ఒకసారి మా మామగారు వచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇదే. కిలోన్నర కోనం, ఫోన్ మాట్లాడుతూ ఇరవై నిమిషాలు ఉడికించా. ఆయన మర్యాదస్తుడు, ఏమీ అనలేదు, ముక్క పక్కన పెట్టి పులుసు మాత్రం మూడుసార్లు వేయించుకున్నారు. కోనం పులుసే కావాలంటే ముక్కలు వేలెడు మందానికి మించకుండా కోయించండి, తల కూడా వెయ్యండి (రుచంతా ఆ తలలోనే ఉంది), పులుసు పూర్తిగా మరిగాకే ముక్కలు వేసి ఆరేడు నిమిషాల్లో పొయ్యి కట్టెయ్యండి.

కానాగంత అలా కాదు. ఒంట్లో నూనె ఉన్న చేప, ఉడికేకొద్దీ అది పులుసులోకి దిగుతుంది, పులుసు దాంట్లోకి దిగుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైనా ఎండిపోదు. చింతపండు పులుపు లేకుండా వండితే మాత్రం ఆ నూనెకి మొహం మొత్తుతుంది, నీచూ కొడుతుంది. నీచు వాసనకి కారణమైన పదార్థాలు పులుపు తగిలితే గాల్లోకి లేవకుండా అణిగిపోతాయట, చింతపండైనా మామిడికాయైనా నిమ్మరసమైనా చేసే పని అదే. మా అమ్మకి ఈ రసాయనశాస్త్రం అక్కర్లేదు, పులుసు మరుగుతుండగా మూత తీసి ఒకసారి వాసన చూసి "ఇంకాస్త పులుపు పొయ్యి" అంటుంది, ఎప్పుడూ ఆవిడ మాటే నెగ్గుతుంది.

మా ఇంట్లో వండే పద్ధతి చెప్తా. కిలోకి ఏడెనిమిది తూగే సైజు తీసుకోవాలి, మరీ చిన్నవైతే ముళ్ళే తినాలి. పొట్టలోపల నల్లటి పొర ఉంటుంది, అది గోకి తీసెయ్యాలి, కోసిచ్చే వాళ్ళు హడావుడిలో వదిలేస్తారు, చేదంతా దాంతోనే. గళ్ళుప్పు, పసుపు వేసి రెండు మూడుసార్లు కడిగి, ఒక్కో చేప రెండు ముక్కలు. మూడు పెద్ద ఉల్లిపాయలు పచ్చిగానే ముద్ద చేసి నూనెలో ఎర్రబడేదాకా వేయించాలి, ఇక్కడ తొందరపడితే పులుసు తియ్యగా తయారవుతుంది. ఆపైన పసుపు, ఉప్పు, మూడు చెంచాల కారం, పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, చీల్చిన పచ్చిమిరపకాయలు. నూనె పైకి తేలేదాకా, అంటే పది పన్నెండు నిమిషాలు, చేప లేకుండానే మరగాలి. అప్పుడు ముక్కలు. ముక్క వేశాక గరిటె పెట్టడం నేరం, దాక అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా ఒకసారి తిప్పాలి అంతే. పది నిమిషాలయ్యాక మెంతులు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి అర చెంచా, చితక్కొట్టిన వెల్లుల్లి, కొత్తిమీర వేసి దింపెయ్యడమే. మెంతులు ఎక్కువైతే చేదు, నాకు రెండుసార్లు అయింది.

ముళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. కోనం ఇక్కడ గెలిచింది, పోటీయే లేదు, మూడేళ్ళ పిల్లకి కూడా ధైర్యంగా పెట్టొచ్చు. కానాగంతకి కాస్త చెయ్యి తిరగాలి. ముక్కని పళ్ళెంలో పక్కకి పడుకోబెట్టి, వెన్ను మీద బొటనవేలితో చిన్నగా నొక్కుకుంటూ వెళ్తే కండ రెండు పక్కలకీ విడిపోతుంది, అప్పుడు తోక వైపు నుంచి ముల్లు పట్టి లేపితే దువ్వెనలాగా మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. మిగిలేవి పొట్ట దగ్గర నాలుగు సన్నవి, అవి నాలుకే చూసుకుంటుంది. మా పెద్దాడికి ఎనిమిదేళ్ళు, మొన్ననే నేర్చుకున్నాడు. ఆ దువ్వెనని అందరికీ చూపించాక గానీ అన్నం ముట్టలేదు.

వేపుడు దగ్గరికొస్తే నేను కోనం పార్టీ. అరంగుళం మందం ముక్కలకి కారం, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట వదిలేసి, ఇనుప పెనం బాగా కాలాక వెయ్యాలి. నాలుగు నిమిషాలు దాన్ని కదపకూడదు. అంటుకుంది కదా అని అట్లకాడతో గీకితే తోలు పెనానికీ కండ మనకీ మిగులుతుంది, వేగితే అదే ఊడొస్తుంది. కానాగంత వేపుడు కూడా రుచే, గాట్లు పెట్టి వేపితే తోక కరకరలాడుతుంది, కాదనను, కానీ నూనె గోడల దాకా చిందుతుంది, వాసన లిఫ్టులో దిగిపోయి వాచ్‌మన్‌కి కూడా మన వంట తెలిసిపోతుంది. మా ఎదురింటివాళ్ళు శాకాహారులు. పాపం ఏమీ అనరు, ఆ రోజు అగరుబత్తి మాత్రం రెండుసార్లు వెలుగుతుంది.

ఏ చేపైనా తాజాదనం ముఖ్యమే గానీ, కానాగంత విషయంలో ఇది రుచి గురించిన మాట మాత్రమే కాదు. కోనం ఐసులో పూట ఆలస్యమైతే రుచి తగ్గుతుంది. కానాగంత ఎండలో ఉంటే ఒంటికే పడదు. దాని కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ, ఐసు లేకుండా వేడికి ఉంటే సూక్ష్మక్రిములు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి, తర్వాత ఎంత ఉడికించినా ఎంత వేయించినా అది పోదు. కోనానికీ ఆ గుణం ఉంది గానీ దాన్ని ఐసులేకుండా అమ్మేవాళ్ళు తక్కువ. ఒకసారి ఆఫీసు నుంచి వస్తూ సాయంత్రం బండి మీద చవగ్గా ఇస్తున్నారని తీసుకున్నా. పులుసు తింటుంటే నాలుక చివర మిరియం కొరికినట్టు చురుక్కుమంది, గంటలో మొహమంతా ఎర్రబడి దద్దుర్లు. కారం ఎక్కువైందనుకున్నా. కాదు, మధ్యాహ్నమంతా ఆ చేపలు ఎండలో ఉన్నాయి, తప్పు నాదే, చూసి కూడా కొన్నాను. అప్పట్నుంచి పొద్దున్న ఏడులోపు ఫిషింగ్ హార్బర్‌కో పెదజాలరిపేటకో వెళ్ళగలిగితేనే కానాగంతలు, లేచేసరికి తొమ్మిదైతే నోరు మూసుకుని కోనం. కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, చేతిలో అడ్డంగా పట్టుకుంటే వంగకుండా నిలబడాలి. నేను మొప్పలెత్తి చూస్తుంటే అక్కడ ఒకావిడ ఎప్పుడూ అంటుంది, "ఏటి బాబూ, డాక్టరువా?"

ఇక మా ఆవిడ వాదన కూడా రాయకపోతే ఇంట్లో అన్నం పుట్టదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు వేటకి వెళ్ళకూడదు, గుడ్లు పెట్టే కాలం కదా. అప్పుడు కోనం ధర అడగడానికే భయమేస్తుంది, దొరికినా ఎన్నాళ్ళ ఐసులో ఉందో తెలీదు. ఆ రెండు నెలలూ ఆవిడ రాజ్యం. చెరువు చేపలే, బొచ్చె, శీలావతి. పొట్ట భాగం వెన్నలా ఉంటుంది, ఒప్పుకుంటా. వెన్ను భాగంలో మాత్రం గుచ్చుకునే చీలిక ముళ్ళు కండలోనే దాక్కుని ఉంటాయి, కానాగంతకి భయపడే మనిషి వాటిని ఎలా తింటుందో అడిగితే "మాకు అలవాటండీ" అంటుంది. అలవాటే కదా ఇదంతా! మట్టి వాసన రాకుండా ఉప్పూ నిమ్మరసమూ పట్టించి పావుగంట ఉంచి కడుగుతుంది, నిజంగానే తగ్గుతుంది. మామిడికాయ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి బొచ్చె మామిడికాయ పులుసు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అయినా జూన్ 15 ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను, అది వేరే సంగతి.

ఆరోగ్యం అంటారా, కానాగంతలో ఒమేగా-3 కొవ్వులు బాగా ఉంటాయి. పెద్ద చేపలు చిన్న చేపల్ని తిని పెరుగుతాయి కాబట్టి పాదరసంలాంటివి పెద్దవాటిలోనే ఎక్కువ పేరుకుంటాయి. వారానికోసారి తినేవాళ్ళం, దానికంత టెన్షన్ అక్కర్లేదు.

అసలు తేడా తెలిసేది మర్నాడు. కోనం పులుసు మర్నాటికి బాగుంటుంది, కానాగంతల పులుసు మర్నాటికి వేరే వంట అయిపోతుంది. తోలూ ముళ్ళూ ఉడికి పులుసులో కలిసిన జిగురు రాత్రికి రాత్రి గడ్డకడుతుంది, పొద్దున్న ఫ్రిజ్‌లోంచి తీసి మూత తెరిస్తే పైన ఎర్రటి నూనె ఒక పొరలాగా పేరుకుని, దాని కింద పులుసు వేలితో తాకితే జున్నులా కదులుతుంది. ఉప్పూ పులుపూ అప్పటికి ముల్లు దాకా దిగిపోయి ఉంటాయి. వేడివేడి అన్నం మీద చల్లటి పులుసు ఒక గరిటె పడితే అది కరుగుతూ మెతుకుల్లోకి జారుతుంది, మనం చెయ్యాల్సిందల్లా కలపకుండా ఒక్క నిమిషం ఓపిక పట్టడమే.

పోయిన ఆదివారం గొడవెందుకని రెండూ తెచ్చా, కానాగంతలు కిలో, కోనం అరకిలో. పులుసూ వేపుడూ రెండూ అయ్యాయి, అందరూ ఎవరిది వాళ్ళు తిన్నారు, మా ఆవిడ పులుసు గిన్నె వైపు చూడను కూడా చూడలేదు. సోమవారం పొద్దున్న ఆరింటికి లేచి, ఆఫీసుకి వెళ్ళేలోపు చద్ది పులుసుతో రెండు ముద్దలు తిందామని ఫ్రిజ్ తీస్తే దాకలో ఒక తోక ముక్క, రెండు పచ్చిమిరపకాయలు మిగిలాయి. అమ్మ అప్పుడే లేచింది, "నేను రాత్రి మజ్జిగన్నమే తిన్నాన్రా" అంది. సింకులో చూస్తే మా ఆవిడ కంచం, అంచు మీద వరసగా నాలుగు దువ్వెనలు, ఒక్కటి కూడా విరక్కుండా.