వేగస్ హోటల్లో అమ్మ ఫ్రిజ్ సర్దింది

హోటల్ గదిలో ఫ్రిజ్ కనిపిస్తే మన అమ్మలు ఏం చేస్తారు? లోపలివి తీసి బయట పెట్టి, ఒకసారి తుడిచి, మనవి సర్దుతారు. మా అమ్మా అదే చేసింది. లాస్ వేగస్‌లో ఆ పనికి మాకు పడిన బిల్లు 209 డాలర్ల 31 సెంట్లు.

అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి డాలస్‌లో మా ఇంటికి వచ్చి నెలయింది. ఫిబ్రవరిలో మా ఆయనకు సెలవు దొరికితే నలుగురం వేగస్ బయలుదేరాం. ఆదివారం దిగి బుధవారం వెనక్కి. శుక్ర, శనివారాల జోలికి పోవద్దు, అదే గది రెట్టింపు పైన చూపించింది. హోటల్ పేరు రాయను. పెద్ద హోటళ్ళు, కాసినోలు వరసగా ఉండే స్ట్రిప్ అనే రోడ్డు నడిమధ్యన, ఫౌంటెన్లకు నడిచిపోయే దూరంలో ఉంటుంది. గోడంత కిటికీ, మీట నొక్కితే జరిగే కర్టెన్లు, స్నానాలగదిలో కూడా టీవీ. రెండు పెద్ద మంచాల గది కాబట్టి నలుగురికీ ఒకటే తీసుకున్నాం.

అద్దె రాత్రికి 149 డాలర్లు. పైన రిసార్ట్ ఫీజు 50. రెండిటి మీదా 13.38 శాతం పన్ను. వెరసి రాత్రికి 225.63. రిసార్ట్ ఫీజంటే వైఫై, జిమ్ లాంటివాటికి. వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. 2025 మే నుంచి మొత్తం ధర ముందే చూపించాలని వినియోగదారుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెచ్చింది కాబట్టి, తెలియక కట్టానని అనలేను. తెలిసే కట్టాను, అందుకే ఇంకాస్త మంట. ఇవి కాక డిపాజిట్ పేరుతో రాత్రికి వంద చొప్పున 300 డాలర్లు కార్డు మీద పట్టి ఉంచారు. డెబిట్ కార్డు పొరపాటున కూడా ఇవ్వకండి. మన సొంత డబ్బు వాళ్ళ దగ్గర ఇరుక్కుంటుంది. క్రెడిట్ కార్డయితే లిమిట్ తగ్గుతుంది, అంతే.

మేం వెళ్ళేసరికి పదకొండయింది. గది మూడింటికి ఇస్తారట. ముందే కావాలంటే ఇంకో 40. అక్కర్లేదని సామాను అప్పజెప్పి, అమ్మానాన్నలను ఎక్కడ కూర్చోబెడదామా అని చూస్తే ఒక్క కుర్చీ లేదు. అంత పెద్ద హాల్లో డబ్బు పెట్టి మీట నొక్కి ఆడే జూదం యంత్రాల (స్లాట్ మెషీన్ల) ముందున్నవి తప్ప! కావాలనే అలా కట్టారని మా ఆయన అన్నాడు. గడియారమూ లేదు, బయటి వెలుతురు కనిపించే కిటికీ కూడా లేదు. గదుల లిఫ్టుకు వెళ్ళాలన్నా ఆ కాసినో మధ్యలోంచే, ఆ సిగరెట్ పొగలోంచే వెళ్ళాలి. పొగ పడనివాళ్ళు పార్క్ ఎంజీఎం అనే హోటల్ చూసుకోండి, అక్కడ కాసినోలో కూడా సిగరెట్ కాల్చనివ్వరు.

నాన్న రిటైరయిన లెక్కల మాస్టారు. ఊరికే కూర్చోవడం బాగోదని ఒక 'పెన్నీ' మెషీన్లో 20 డాలర్లు పెట్టారు. పెన్నీ అంటే ఒక సెంటు, పేరే గానీ, ఆటకు కనీసం 75 సెంట్లు లాగుతోంది. ఇరవై నిమిషాల్లో ఖాళీ. ఆయనకు కోపం రాలేదు, ఆసక్తి పుట్టింది. తిరిగే చక్రంలో గోళీ ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే రూలెట్ బల్ల దగ్గర నిలబడి గళ్ళు లెక్కపెట్టారు. ఒకటి నుంచి 36 వరకు అంకెలు, వాటికి తోడు మూడు సున్నాలు. మొత్తం 39 గళ్ళు, గెలిస్తే ఇచ్చేది ఒకటికి 35. "నూటికి ఏడున్నర పైనే ముందే తీసేసుకుంటున్నాడు తల్లీ" అన్నారు. ఒకే సున్నా ఉన్న బల్ల మీద అది 2.7. ఇరవై ఒకటి చేయాల్సిన పేకాట బ్లాక్‌జాక్‌లోనూ అంతే, బల్ల మీద రాసింది చదవాలి. 3:2 అని ఉంటే పది డాలర్ల పందేనికి మొదటి రెండు ముక్కల్లోనే ఇరవై ఒకటి (దాన్నే బ్లాక్‌జాక్ అంటారు) పడితే పదిహేను వస్తాయి, 6:5 అని ఉంటే పన్నెండే. మా ఆయన 6:5 బల్ల దగ్గర 60 పోగొట్టుకున్నాకే ఈ సంగతి తెలిసింది. అమ్మ మాత్రం చుట్టూ చూసి, "సంక్రాంతికి కోడిపందేల పక్కన గుండాట వేస్తారు చూడు, దానికి ఏసీ పెట్టారు, అంతే" అని తేల్చేసింది.

ఇక ఫ్రిజ్.

నాన్నకు ఇన్సులిన్ ఉంది. ఐసు సంచీలో తెచ్చాం. పెరుగు లేకపోతే ఆయనకు భోజనం ముగిసినట్టుండదు, అందుకని వీధిలో ఉన్న మందుల షాపులో 7 డాలర్లకు ఒక డబ్బా కొన్నాం. మేం కిందికి వెళ్ళినప్పుడు అమ్మ మినీబార్, అంటే హోటల్‌వాళ్ళు అమ్మకానికి సీసాలు, చిరుతిళ్ళు పెట్టి ఉంచే గదిలోని ఫ్రిజ్ తెరిచి, సీసాలు, పొట్లాలు తీసి బల్ల మీద వరసగా పేర్చి, తుడిచి, మందూ పెరుగూ లోపల పెట్టింది. పట్టనివాటిని అల్మరాలో సర్దింది. ఆ సీసాల అడుగున సెన్సర్లుంటాయని, నిమిషం సేపు పైకి తీస్తే అమ్ముడైనట్టు లెక్క రాసుకుంటుందని ఆవిడకేం తెలుసు? నోటీసు ఉంది. ట్రే పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో.

సోమవారం రాత్రి నాన్న టీవీలో బిల్లు చూపించమన్నారు. ఎక్కడికెళ్ళినా ఆయనకు రోజువారీ లెక్క రాయడం అలవాటు. బీరు మూడు, 39 డాలర్లు. విస్కీ చిన్న సీసాలు రెండు, 36. జీడిపప్పు రెండు పొట్లాలు, 30. చాక్లెట్, కూల్‌డ్రింకులు, నీళ్ళు కలిపి 42. వీటి మీద పన్ను 12.31. ఆఖరున 'సొంత వాడకం' అని ఇంకో 50. నాన్న ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి అల్లుడివైపు ఒక్క చూపు చూశారు. మా ఆయన ముఖం చూడాలి! పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన మా నాన్న ముందు గట్టిగా తుమ్మింది కూడా లేదు. అమ్మే లేచి, "అల్లుడుగారు కాదండీ, నేను సర్దాను" అని అల్మరా తెరిచింది. అన్నీ మూత తీయకుండా ఉన్నాయి.

రిసెప్షన్ దగ్గర 35 నిమిషాల క్యూ. అక్కడి కుర్రాడు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా, "నోటీసు పెట్టాం కదా" అని మూడుసార్లు అన్నాడు. సీసాల ఫొటోలు చూపిస్తే, "తాగి మళ్ళీ కొని పెట్టేవాళ్ళుంటారు" అన్నాడు. ఆ మాట నేను అమ్మకు చెప్పలేదు. మేనేజర్ కావాలని పట్టుబట్టాను. ఆవిడ మర్యాదస్తురాలు. మనిషిని పైకి పంపి లెక్క చూపించి 159.31 తీసేసింది. 50 మాత్రం తీయనంది. మన వస్తువు వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టినందుకు రుసుమట. "మందులకని అడిగి ఉంటే వేరే ఫ్రిజ్ ఉచితంగా ఇచ్చేవాళ్ళం" అని కూడా చెప్పింది. చెక్-ఇన్ అప్పుడు రిసార్ట్ ఫీజులో ఏమేం వస్తాయో చదివిన మనిషి ఈ ఒక్క ముక్క చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ ఉంటే బుకింగ్ రోజే మెడికల్ ఫ్రిజ్ కావాలని రాయించండి, దిగగానే మళ్ళీ అడగండి.

ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. "నన్ను దొంగని చేశారే" అని ఒకటే మాట. మర్నాడు దీపం స్విచ్ నొక్కడానికీ భయమే, కర్టెన్ జరపాలన్నా నన్ను పిలిచేది. గదులు శుభ్రం చేసే ఆవిడ పొద్దున్నే చిన్న ఫ్రిజ్ ఒకటి తోసుకొచ్చి, ప్లగ్ పెట్టి, పెరుగు డబ్బా తన చేత్తోనే అందులో పెట్టి, అమ్మ భుజం తట్టి వెళ్ళింది. నేనిచ్చిన ఐదు డాలర్ల కంటే అమ్మ ఇచ్చిన రెండు పూతరేకులకే ఎక్కువ మురిసిపోయింది. కాగితంతో సహా తినబోతుంటే ఆపాల్సి వచ్చింది, అది కూడా పొరే అనుకుంది పాపం!

మంగళవారం హూవర్ డ్యామ్. 726 అడుగుల ఎత్తు, నడిచి దాటితే అరిజోనా రాష్ట్రం, చలికాలంలో గడియారం గంట ముందుకు. బాగుంది.

తిండి గురించి చెప్పాలంటే, హోటల్ కింద కాఫీ 9 డాలర్లు, అదీ చల్లగా. నాలుగు కాఫీలకు టిప్పుతో 43 అయ్యాయి. స్ట్రిప్‌కు తూర్పున ఒక చిన్న మన దేశం హోటల్లో నలుగురం ఇడ్లీ, మసాలా దోసె, సాంబారన్నం తిని 58 ఇచ్చాం. సాంబారు తియ్యగా ఉంది, అయినా ఎవరూ మాట్లాడకుండా తిన్నాం.

అమ్మ ముఖంలో నవ్వు మళ్ళీ చూసింది బెలాజియో హోటల్ దగ్గరే. లాబీలో పైకప్పుకు వేలాడే రెండు వేల గాజు పూలు, ఆ వెనక పూలతోట, చైనా కొత్త సంవత్సరం అలంకరణ. పైసా టిక్కెట్ లేదు. ముందు ముట్టుకోవచ్చా అని అడిగింది, తర్వాత అడగడం మానేసింది. రాత్రి ఎనిమిది దాటాక బయట ఫౌంటెన్లు పావుగంటకోసారి పాటకు ఎగురుతాయి. మేం ఒకటి చూసి వెళ్దామనుకున్నాం. అమ్మ అయిదు చూసింది, చలికి శాలువా నెత్తిన కప్పుకుని. వెనక్కి స్ట్రిప్ మీద తిరిగే డ్యూస్ అనే సిటీ బస్సెక్కాం, 24 గంటల పాసు మనిషికి 8 డాలర్లు. రెండంతస్తుల బస్సు, పైన ముందు సీటు పట్టుకుంటే స్ట్రిప్ అంతా కనిపిస్తుంది. కారు అద్దెకు తీసుకుని హోటళ్ళలో పార్కింగ్‌కు డబ్బు పోసే పని పెట్టుకోకండి. డ్యామ్‌కు ఒక్కరోజు తీసుకున్నాం, చాలు.

డిపాజిట్ 300 తొమ్మిదో రోజున వదిలారు. 50 డాలర్ల మీద రెండుసార్లు మెయిల్ పెట్టాను, రెండుసార్లూ అదే జవాబు వచ్చింది. నాన్న మాత్రం తన డైరీలో లెక్క మూసేశారు. నిన్న తిరగేస్తుంటే కనిపించింది: గుండాట - 20. అల్లుడు - 60. పెరుగు, ఒక డబ్బా - 57.