ఏడాదిగా నా ఇంజెక్షన్ నేనే వేసుకుంటున్నా

గర్భం రాకుండా మూడు నెలలకోసారి చర్మం కింద వేసుకునే డీఎంపీఏ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇది. నర్సు ఒకసారి చూపించి, తన ముందే నా చేత వేయించింది. ఆ తర్వాత అన్నీ ఇంట్లో నేనే.

మొదటిసారి చెయ్యి వణికింది. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి 30 సెకన్లు గట్టిగా కుదపాలి. సూది మీదున్న మూతను లోపలికి నొక్కి, మూతకీ దాని కింది భాగానికీ మధ్య సందు పూర్తిగా మూసుకున్నాకే మూత తీయాలి. నేను తొందరపడి ముందే తీసేశాను. మందు రాలేదు, ఆ డోసు వృథా. తొడ దగ్గర చర్మం పట్టుకుని సూది గుచ్చి, మందున్న బుడగను 5-7 సెకన్లు మెల్లగా నొక్కితే చాలు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. తర్వాత రుద్దకూడదు.

మొదటి మూడు నెలలు మాత్రం విసిగిపోయాను. ఎప్పుడు పడితే అప్పుడు రక్తపు మరకలు. ఇప్పుడు నెలసరి దాదాపు ఆగిపోయింది. ఇలా అవుతుందని ముందే చెప్పారు గనుక భయపడలేదు, చెప్పకపోయుంటే మానేసేదాన్నే.

ఆపేశాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, కాబట్టి త్వరలో బిడ్డ కావాలనుకునేవాళ్లకి నేనైతే చెప్పను. సుఖవ్యాధులను ఇది ఆపదు, దానికి కండోమ్ ఉండాల్సిందే. కానీ రోజూ మాత్ర మర్చిపోయానేమోనని అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవడం పోయింది. నాకు అదే చాలా పెద్ద విషయం.